మూడు ఆస్కార్లు తెచ్చుకున్న ఆ కుంటి ముసలాయన గురించి ఎవరైనా చెప్పండి

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా జేజినాయనతో కూర్చుని 1959లో వచ్చిన రియో బ్రావో చూశాను. జాన్ వేన్ సినిమా అని పెట్టాను గానీ ఆయన చూపంతా ఆ జైలుకు కాపలా ఉండే ముసలాయన మీదే. ఒక కాలు ఈడ్చుకుంటూ, తుపాకీ పట్టుకుని లోపల కూర్చుని అందరి మీదా గొణుగుతుంటాడు చూడండి, స్టంపీ అని. ఒకచోట జాన్ వేన్ వంగి అతని బట్టతల మీద ముద్దు పెట్టి పోతుంటే చీపురు తీసుకుని వెనకనుంచి ఒక్కటిస్తాడు. మా జేజినాయనకు ఇంగ్లీషు ముక్క రాదు, అయినా ఆ సీను మూడుసార్లు వెనక్కి తిప్పించుకున్నాడు. "వీడు నాటకమోడురా, ఆ కాలు చూడు, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారన్నా మర్చిపోయినాడా" అన్నాడు.

ఆయన మాట నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ముప్పై ఏళ్ళకు పైగా మా చుట్టుపక్కల ఊళ్ళలో హరిశ్చంద్ర నాటకం ఆడితే నక్షత్రకుడి వేషం ఆయనదే. గొంతులో రాగం చాలదని హరిశ్చంద్రుడి వేషం ఎప్పుడూ ఇవ్వలేదు. అప్పు కోసం రాజు వెంటపడి పీడించే ఆ వేషంలోనే ఊరికి తెలిసిపోయాడు.

సినిమా అయ్యాక పేరు వెతికితే వాల్టర్ బ్రెన్నన్ అని వచ్చింది, పక్కనే మూడు ఆస్కార్లు అని ఉంది. హీరో కానివాడికి మూడు ఎలా వచ్చాయి? ఆ రోజుల్లో హాలీవుడ్‌లో క్యారెక్టర్ ఆర్టిస్టుల బతుకు ఎట్లుండేది? ఆ అవార్డులు న్యాయంగా రాలేదని కూడా ఒకచోట చదివాను, అది నిజమా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి, ఆయనకు చదివి వినిపించాలి.

బురుజు సెంటర్, కర్నూలు

బాబూ, మీ జేజినాయన గారికి ముందు నా నమస్కారం చెప్పు. నేను కాలేజీలో ఉన్నప్పుడు కర్నూల్లో ఇంగ్లీషు సినిమాలు మార్నింగ్ షోలకు వచ్చేవి, అప్పటి నుంచి నాకు ఈ మనిషి మీద అభిమానం. తెలిసినంతవరకు చెబుతాను.

1894లో మసాచుసెట్స్‌లోని లిన్ అనే ఊళ్ళో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఫిరంగి దళంలో పనిచేశాడు. తర్వాత లాస్ ఏంజెలెస్ చేరి స్థలాల వ్యాపారంలో బాగానే సంపాదించాడు, ధరలు పడిపోయేసరికి ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ఇక పొట్టకూటికి సినిమాల్లో ఎక్స్‌ట్రాగా చేరాడు, మన భాషలో జూనియర్ ఆర్టిస్టు. ఏడాది రెండేళ్ళు కాదు, దాదాపు పదేళ్ళు అదే పని. 1933లో వచ్చిన ది ఇన్విజిబుల్ మ్యాన్‌లో కనపడని మనిషి ఒకడి సైకిల్ లాక్కునిపోతాడు గుర్తుందా, ఆ సైకిల్ పోగొట్టుకున్నవాడు ఇతనే. టైటిల్స్‌లో పేరు కూడా వేయలేదు.

దశ తిరిగింది 1935లో, బార్బరీ కోస్ట్‌తో. డైరెక్టర్ హోవార్డ్ హాక్స్ ఈ కథ తర్వాత ఇంటర్వ్యూల్లో ఇష్టంగా చెప్పేవాడు. వేషం కోసం వచ్చిన బ్రెన్నన్‌ను డైలాగ్ చదవమంటే, "పెట్టుకునా, తీసేసా" అని అడిగాడట. ఏమిటి అంటే, "పళ్ళు" అన్నాడట. 1930ల మొదట్లో ఒక షూటింగ్‌లో ముఖానికి దెబ్బ తగిలి పళ్ళు పోయాయి, అప్పటి నుంచి కట్టుడు పళ్ళే. తీసేసి చదివితే హాక్స్‌కు నచ్చి, కొద్ది రోజుల పని అనుకున్నదాన్ని వారాల తరబడి సాగదీశాడట.

మరుసటి ఏడాది, 1936లో, కమ్ అండ్ గెట్ ఇట్‌లో చెట్లు కొట్టే స్వీడన్ మనిషిగా చేశాడు. సహాయ నటులకు ఆస్కార్ పెట్టింది సరిగ్గా ఆ ఏడాది సినిమాలకే, ఆ విభాగంలో మొట్టమొదటి అవార్డు ఇతనికే వచ్చింది. 1938లో కెంటకీకి రెండోది. గుర్రాలు పెంచే పండు ముసలాయన వేషం, ఇతని వయసు అప్పటికి 44. 1940లో ది వెస్టర్నర్‌లో జడ్జి రాయ్ బీన్‌గా మూడోది, ఎదురుగా గ్యారీ కూపర్. నటనకు మూడు ఆస్కార్లు తెచ్చుకున్న మొదటి మనిషి ఇతనే, మూడూ సహాయ నటుడిగానే వచ్చినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు.

ఆ బతుకు గురించి అడిగావు. అప్పట్లో నిర్మాతలు, స్టూడియోలు నటులను ఏళ్ళకేళ్ళు కాంట్రాక్టులో పెట్టుకునేవి, ఇతన్ని శామ్యూల్ గోల్డ్విన్ పెట్టుకున్నాడు. ఏ సినిమా ఇస్తే అది చేయాలి, కావాలంటే వేరే కంపెనీకి అరువిస్తారు. హీరోకు అది సంకెల. క్యారెక్టర్ ఆర్టిస్టుకు మాత్రం వేషం వెనక వేషం, చేతినిండా పని. థామస్ మిచెల్ అని ఇంకొకాయన ఒక్క 1939లోనే స్టేజ్‌కోచ్, గాన్ విత్ ద విండ్ సహా ఐదు పెద్ద సినిమాల్లో కనిపిస్తాడు, స్టేజ్‌కోచ్‌లో తాగుబోతు డాక్టర్‌గా చేసినందుకు ఆస్కార్ కూడా వచ్చింది. చూసేవాళ్ళకు ఆ పేరు గుర్తుండదు, ముఖం కనబడితే మాత్రం "అదిగో వీడు" అంటారు. మన సిరివెళ్ళ మనిషి జయప్రకాశ్ రెడ్డి గారు తెర మీదికి వచ్చి మన సీమ యాసలో నోరు తెరిస్తే హాల్లో ఒక కదలిక వచ్చేది చూడు, ఆ కదలికే వాళ్ళ ఆస్తి.

ఏడురోడ్లు, కడప

సార్ చెప్పిన పళ్ళ సంగతి చదివి ఆగలేకపోయాను, నా పనే పళ్ళ సెట్లు తయారుచేయడం, ఇరవై రెండేళ్ళుగా. సెట్టు తీసేయడమంటే జనం ఏదో నోరు బోసిగా కనిపిస్తుంది అంతే అనుకుంటారు. అంత చిన్న సంగతి కాదు.

పై సెట్టు తీసిన వెంటనే పై పెదవికి ఆనిక పోతుంది, పెదవి లోపలికి మడుచుకుంటుంది. రెండు సెట్లూ తీస్తే దవడలు మామూలుకన్నా దగ్గరగా మూసుకుంటాయి, దాంతో గడ్డం పైకి లేచి ముక్కు వైపు వస్తుంది, బుగ్గలు గుంటలు పడతాయి. యాభై ఏళ్ళ మనిషి మా కుర్చీలో సెట్టు తీసి పక్కన పెడితే క్షణంలో డెబ్బై ఏళ్ళవాడు కూర్చుని ఉంటాడు, ఇన్నేళ్ళయినా నాకు అది చూస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. మాట కూడా మారుతుంది. త, ద అనాలంటే నాలుక పోయి పై పళ్ళ వెనక తగలాలి, తగలడానికి అక్కడ ఏమీ ఉండదు, మాట మెత్తగా జారిపోతుంది. స అంటే గాలి ఊదినట్టు వస్తుంది. అందుకే కొత్త సెట్టు పెట్టాక "తాత, దాదాపు, సీసా" అని పలికించి చూస్తాం.

నాకు అర్థమైంది ఏమిటంటే ఆ మనిషి దగ్గర రెండు ముఖాలు, రెండు గొంతులు ఉన్నాయి, మేకప్ డబ్బా అవసరం లేకుండా. పళ్ళు పోయినవాళ్ళు మా దగ్గరికి వచ్చి సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. ఆయన దాన్నే పనిముట్టు చేసుకున్నాడు. ఆ రోజుల్లో సెట్లు ఇప్పటి ఆక్రిలిక్ కాదు, ఎక్కువగా వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో చేసేవాళ్ళు. వాటితో రోజంతా డైలాగులు చెప్పడం ఎంత కష్టమో నేను ఊహించగలను.

తమ్ముడూ, 1948లో వచ్చిన రెడ్ రివర్ మీ జేజినాయనకు తప్పకుండా చూపించు. అందులో ఇతను తన కట్టుడు పళ్ళను పేకాటలో ఒక రెడ్ ఇండియన్‌కు ఓడిపోతాడు, భోజనం వేళకు మాత్రం అతను తిరిగి ఇస్తుంటాడు. మా షాపులో ఆ సీను చూపించని కస్టమర్ లేడు.

రాళ్ళ మీద ఎండ, ఓర్వకల్లు

అవార్డులు న్యాయంగా వచ్చాయా అన్న మాటకు నేను రాస్తాను, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. విషయం ఏమిటంటే 1930ల చివర్లో ఆస్కార్ ఓటు ఎక్స్‌ట్రాలకు కూడా ఇచ్చారు, వాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు. బ్రెన్నన్ వాళ్ళలోంచి పైకి వచ్చినవాడు, కాబట్టి మావాడు అని గుద్దేశారు అని అంటారు. తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళకు ఆ ఓటు తీసేశారు కూడా. అందులో నిజం లేదని నేను అనను, బంధుత్వం ఓటుకు పనికొస్తుందని మన దగ్గర చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

కానీ ఒక్క మాట. మా ఊరి రాళ్ళ దగ్గర షూటింగులు జరుగుతుంటాయి, ఒకసారి జాతర సీను కోసం నేనూ గుంపులో నాలుగు రోజులు నిలబడ్డాను. పొద్దున ఆరింటికి వస్తే, పది గంటలకు రాయి కాలి అరికాలు పెట్టలేము, అదే నడక పదిహేనుసార్లు నడవాలి. హీరో వచ్చి రెండు షాట్లు చేసి గొడుగు కిందికి వెళ్ళిపోతాడు, అది ఆయన పద్ధతి, తప్పు పట్టడం లేదు. గుంపులో ఒక పెద్దాయన ఉండేవాడు, భుజాన బిడ్డను ఎత్తుకుని నడిచే వేషం. కెమెరా ఆయన వైపు లేనప్పుడు కూడా ప్రతిసారీ అదే చోట ఆగి, అదే విధంగా పిల్ల చెప్పు సర్దేవాడు. అది కెమెరాలో పడిందో లేదో తెలియదు. మేం మాత్రం చూశాం. మా నలభైమందికి ఓటు ఉంటే ఆ రోజు ఆయనకే వేసేవాళ్ళం, ఆయన మావాడని కాదు, పని దగ్గరగా చూసింది మేమే కాబట్టి.

పదేళ్ళు పక్కన నిలబడి చూసినవాళ్ళు వేసిన ఓటు పనికిరాదంటే నేను ఒప్పుకోను. పైగా 1941లో సార్జెంట్ యార్క్‌కు ఇతను నాలుగోసారి నామినేట్ అయ్యాడు, రాలేదు, డొనాల్డ్ క్రిస్ప్‌కు పోయింది. ఎక్స్‌ట్రాల ఓట్లు ఉంటే చాలు అవార్డు వచ్చేస్తుంది అనుకుంటే ఆ ఏడాది ఎందుకు రాలేదో చెప్పాలి కదా.

టవర్ క్లాక్, అనంతపురం

అన్నా, మీ మాట నాకు చాలా నచ్చింది, నాలుగు రోజులు నిలబడ్డవాళ్ళు చెబితేనే ఆ బరువు తెలుస్తుంది. నేను ఇంకో వైపు నుంచి ఒక పేరు కలుపుతాను, ఆ కాలం క్యారెక్టర్ ఆర్టిస్టుల గురించి మాట్లాడుతూ ఆమెను వదిలేస్తే నాకు మనసొప్పదు.

హ్యాటీ మెక్‌డానియెల్. 1893లో కాన్సాస్‌లో పుట్టింది, పాటగత్తె, రేడియోలో పనిచేసింది, సినిమాల్లో ఎక్కువగా పనిమనిషి వేషాలే ఇచ్చారు. బ్రెన్నన్ పళ్ళు తీసి ఒకలాగా, పెట్టుకుని ఇంకోలాగా మారగలిగాడు, ఆమెకు ఆ వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు. జడ్జి వేషం, తాగుబోతు డాక్టర్ వేషం నల్లజాతి ఆడమనిషికి ఎవరిస్తారు అప్పట్లో. అయినా గాన్ విత్ ద విండ్‌లో మ్యామీగా చేసి, 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ తీసుకుంది, నల్లజాతి వాళ్ళలో మొట్టమొదటి ఆస్కార్ అది. ఆ సినిమా అట్లాంటాలో మొదటిసారి వేసినప్పుడు అక్కడి వర్ణభేద చట్టాల వల్ల ఆమె వెళ్ళలేకపోయింది. అవార్డు రాత్రి కూడా హోటల్లో తన సినిమావాళ్ళతో కాకుండా పక్కన విడిగా వేసిన టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి నుంచి లేచి వేదిక దాకా నడిచి వెళ్ళింది. ఆ నడక గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇంకో సంగతి, అప్పట్లో సహాయ నటులకు పూర్తి ఆస్కార్ బొమ్మ ఇచ్చేవాళ్ళు కాదు, ఒక పలక లాంటిది ఇచ్చేవాళ్ళు. 1943 సినిమాల అవార్డుల నుంచే వాళ్ళకూ బొమ్మ వచ్చింది. అంటే బ్రెన్నన్ తీసుకున్న మూడూ పలకలే. హ్యాటీ తనకు వచ్చిన పలకను హోవార్డ్ యూనివర్సిటీకి రాసిచ్చింది, అది అక్కడ కనిపించకుండా పోయింది. 2023లో అకాడమీ వాళ్ళు ఇంకొకటి చేసి ఇచ్చారు, ఆమె పోయి అప్పటికి దాదాపు 71 ఏళ్ళు.

బురుజు సెంటర్, కర్నూలు

చాలా బాగా రాశారమ్మా. పలక సంగతి నేను చెప్పడం మర్చిపోయాను. ఒక్కటి మాత్రం కలుపుతాను, బ్రెన్నన్ ఎప్పుడూ మంచి ముసలాయనే అనుకోవద్దు. 1946లో మై డార్లింగ్ క్లెమెంటైన్‌లో ఓల్డ్ మ్యాన్ క్లాంటన్‌గా చూడండి, కొడుకులను కొరడాతో కొడతాడు, ఆ కళ్ళలో ఎక్కడా తడి ఉండదు. స్టంపీ, ఇతనూ ఒక్కరే అంటే నమ్మబుద్ధి కాదు.

పెన్నా ఒడ్డు, ప్రొద్దుటూరు

అందరికీ చేతులెత్తి దండం. రాసినవన్నీ రాత్రి జేజినాయనకు చదివి వినిపించాను. ఓర్వకల్లు అన్న రాసిన పెద్దాయన దగ్గర, పిల్ల చెప్పు సర్దేది, అక్కడ ఆపి మళ్ళీ చదవమన్నాడు. హ్యాటీ గారి టేబుల్ సంగతికి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఒకప్పుడు ఒక ఊళ్ళో నాటకం అయ్యాక హరిశ్చంద్రుడికీ చంద్రమతికీ పెద్దింట్లో విస్తరి వేసి, మిగతా వేషగాళ్ళకు బయట అరుగు మీద పెట్టారని చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ మాట మాకెవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత రెడ్ రివర్ పెట్టాను. పేకాటలో పళ్ళు పోయే సీను రాగానే పడీపడీ నవ్వాడు. నవ్వి, తన సెట్టు తీసి స్టీలు గ్లాసు నీళ్ళలో వేసి, మంచం మీద నిటారుగా కూర్చుని నక్షత్రకుడి మాటలు అందుకున్నాడు. కడప అన్న చెప్పినట్టే త, ద జారిపోతున్నాయి, గడ్డం పైకి వచ్చింది, నేను ఎన్నోసార్లు విన్న మాటలే అయినా ఆ బోసినోట్లోంచి వస్తుంటే నిజంగా బాకీ వసూలుకు వచ్చినవాడు ఇంట్లో కూర్చున్నట్టుంది. వంటింట్లోంచి అవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది. పళ్ళు పెట్టుకుని అదే మళ్ళీ చెప్పి, ఏది బాగుందని అడిగాడు. అవ్వ గ్లాసు వైపు చూపించి లోపలికి పోయింది.

వచ్చే ఆదివారం ది వెస్టర్నర్. కథ ముందే తెలుగులో చెప్పమంటున్నాడు, కర్నూలు సార్, ఆ జడ్జి కథ నాలుగు మాటల్లో రాసిపెట్టండి.