కనెక్టికట్ నుంచి వచ్చిన అమ్మకి మోకాలి వెనక ఎర్ర మచ్చ, లైమ్ టెస్టు నెగెటివ్. వదిలేయొచ్చా?

మారతహళ్లి పద్మ:
వేసవంతా అమెరికాలో, కనెక్టికట్‌లో అక్క దగ్గరుండి అమ్మ పోయిన శనివారం బెంగళూరు వచ్చింది. అక్కవాళ్ల పెరడు దాటితే అడవే. గోంగూర మడి పెట్టి, పొద్దస్తమానం ఆ గడ్డిలోనే ఉండేదట. ఇప్పుడు మోకాలి వెనక అరచేయంత ఎర్ర మచ్చ. మొదట్లో రూపాయి బిళ్లంతే ఉండేదంటుంది. దురద లేదు, నొప్పి లేదు. ఒళ్లు వెచ్చగా ఉంది, మెడ పట్టేసింది. మా వీధి డాక్టరు తామర అని ఆయింట్‌మెంట్ రాశారు. పిడుదు కుడితే వచ్చే లైమ్ జబ్బేమోనని అక్క ఫోన్లో ఒకటే గొడవ చేస్తే ఆ టెస్టు చేయించాం, నెగెటివ్. పురుగు కుట్టిన గుర్తే లేదంటుంది అమ్మ. వయసు 63. ఇంక టెన్షన్ అక్కర్లేదా?

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
నెగెటివ్ వచ్చిందిగా అండీ, హాయిగా ఉండండి. ఏసీ గాలికి మెడ పట్టేసి ఉంటుంది.

ల్యాబ్ మూర్తి:
ఆ మాట నమ్మి ఊరుకోకండి పద్మగారూ. నేను డాక్టర్ని కాను, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ టెస్టు వెతికేది బ్యాక్టీరియాని కాదు, దాని మీద మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలని. అవి తయారవడానికి వారాలు పడుతుంది. మచ్చ ఇంకా పాకుతుండగా నెగెటివ్ రావడం మామూలే. అందుకే లైమ్ ఉన్న చోటు నుంచి వచ్చినవాళ్లకి ఇలాంటి మచ్చ కనబడితే టెస్టు కోసం ఆగకుండా మందు మొదలెడతారు. మీ అమ్మగారు వచ్చింది సరిగ్గా ఆ జబ్బుకి పేరిచ్చిన లైమ్ ఊరున్న రాష్ట్రం నుంచి! 1970లలో అక్కడి పిల్లలకి వరసగా కీళ్లవాపు వస్తుంటే, తల్లులు పట్టుబడితేనే యేల్ యూనివర్సిటీ డాక్టర్లు కదిలారు. 1980ల మొదట్లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల పేగులో మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియాని చూశాడు. లైమ్ తెచ్చేది అదే, పేరు బొరీలియా బర్గ్‌డార్ఫెరి.

కుట్టినట్టు తెలియకపోవడం వింతేం కాదు. ఎక్కువగా అంటించేది పిల్ల పిడుదు. గసగసాల గింజంత ఉంటుంది, నొప్పి తెలియదు. పైగా మోకాలి వెనక ఎవరు చూసుకుంటారు? రక్తం తాగడం మొదలెట్టాక దాని పేగులోని బ్యాక్టీరియా లాలాజలంలోకి చేరి మనలోకి దిగాలి. దానికి సాధారణంగా ఒక రోజుకి పైనే పడుతుంది, అంతసేపూ అది అక్కడే అతుక్కుని ఉంటుంది.

మచ్చ దశలో పెద్దవాళ్లకి మామూలుగా ఇచ్చేది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, 10 రోజులు. అది పడకపోతే అమోక్సిసిలిన్, 14 రోజులు. కానీ మెడ పట్టేసిందన్నారే, అది డాక్టరు చూడాల్సిందే. నరాలకి పాకితే కోర్సు మారుతుంది, ఒక్కోసారి సెఫ్ట్రియాక్సోన్ రక్తనాళంలోకి ఎక్కించాలి. గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ఈసీజీ తీస్తారు. రేపే అంటువ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. కూర్చోగానే చెప్పాల్సింది కనెక్టికట్ సంగతి. మచ్చ చుట్టూ పెన్నుతో గీసి ఫోటో తీసుకుని వెళ్లండి.

తిరుపతి శేషు:
డెంగీ, స్క్రబ్ టైఫస్ (నల్లిలాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) కూడా చూడమనండి. స్క్రబ్ టైఫస్ అయితే తరచు కుట్టినచోట నల్లటి పొక్కు కడుతుంది. దానికీ డాక్సీనే మందు. మా బావగారికి అంతే, మాత్ర పడ్డాక జ్వరం ఇట్టే దిగింది.

మారతహళ్లి పద్మ:
ఇవాళ చూపించాం. స్పెషలిస్టు మచ్చ చూడగానే లైమ్ అనేశారు. మెడ పరీక్ష చేసి భయం లేదన్నారు, డాక్సీ మొదలెట్టారు. థాంక్స్ మూర్తిగారూ. అక్క స్నేహితురాలు ఆరు నెలలు యాంటీబయాటిక్ వాడిందట, అంతకాలమా? ఇంట్లో మాకు అంటుకుంటుందా?

ల్యాబ్ మూర్తి:
అంటుకోదు, మనిషి నుంచి మనిషికి రాదు. ఆరు నెలలు అక్కర్లేదు. కోర్సు అయ్యాక కూడా కొందరికి నీరసం, ఒళ్లునొప్పులు నెలల తరబడి ఉంటాయి. దానికని మందు పొడిగిస్తే లాభం లేదని ట్రయల్స్‌లో తేలింది. మొదటిరోజు జ్వరం కాస్త పెరిగితే కంగారుపడకండి, బ్యాక్టీరియా చస్తున్నప్పుడు అలా అవుతుంది. మాత్ర గ్లాసెడు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకుండా చూడండి. లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. పాలు, క్యాల్షియం మాత్రలతో కలపొద్దు, ఎండలోకి పంపొద్దు. ముఖ్యంగా ఫిల్టర్ కాఫీతో మింగనివ్వకండి, మన అమ్మలకి ఆ అలవాటుంది.