ఆగస్టులో స్కూబా: రాజా అంపత్‌కు వెళ్లాలా, మాల్దీవులకా?

ముత్తుకూరు రైతు:

మాది నెల్లూరు జిల్లా, ముత్తుకూరు దగ్గర రొయ్యల సాగు. వేసవి పంట పట్టుబడి అయ్యాక గుంటలు ఎండగడతాం కాబట్టి ఆగస్టులో రెండు వారాలు తీరిక దొరుకుతుంది. ఈసారి స్కూబా (సిలిండరు గాలితో నీటి లోపల ఈదడం) నేర్చుకుని మాంటా రేలను చూడాలని ఉంది. మా జాలర్లు టేకు అనే చేపల జాతిదే అది, కానీ రెక్కలు చాపితే మూడు మీటర్లు దాటుతుంది. ఇండోనేసియాలోని రాజా అంపత్ వీడియోలు చూసి చూసి మనసు అక్కడే ఉండిపోయింది.

మా దగ్గరి మైపాడు సముద్రతీరంలో దిగవచ్చు కదా అనేవారికి ముందే మనవి: అక్కడ మోకాటి లోతులో నిలబడితే మన పాదం మనకే కనిపించదు.

నాకు 47 ఏళ్లు. సర్వేపల్లి కాలువలో నేర్చిన ఈత ఉంది, రక్తపోటుకు రోజూ ఒక మాత్ర ఉంది. మా ఆవిడకు ఈత రాదు, పడవలో కూర్చుని చూస్తానంటోంది. అంత ఖర్చు పెట్టి తీసుకెళ్లి పడవలో కూర్చోబెట్టడం నాకు నచ్చడం లేదు. కోర్సు అక్కడికి వెళ్లాక చేయవచ్చా?

ఒంగోలు బాటసారి:

అండమాన్ ఉండగా అంత దూరం ఎందుకండీ? పాస్‌పోర్టు అక్కర్లేదు, చెన్నైలో విమానం ఎక్కితే చాలు. స్వరాజ్ ద్వీప్‌లో శిక్షణ బాగానే ఇస్తారు. అయితే ఆగస్టులో వానలు, కెరటాలు. జనవరికి మార్చుకోండి.

ముత్తుకూరు రైతు:

జనవరి దాటితే రొయ్య పిల్ల వదిలే పని మొదలవుతుందండీ. ఆ రోజుల్లో గుంట గట్టు దిగి నెల్లూరు పోవడమే గగనం.

కావలి అమ్మాయి:

దేశం సంగతి తరవాత, ముందు నెల చూడండి. రాజా అంపత్‌కు మంచి కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు. ఆగస్టులో అక్కడ గాలులు ఎక్కువ. దారి కూడా తక్కువేమీ కాదు: చెన్నై, జకార్తా, అక్కడి నుంచి సోరాంగ్, ఆపైన వైసాయ్‌కి రెండు గంటల పడవ. ఇంతా చేసి వెళ్తే డాంపియర్ జలసంధిలో ప్రవాహాలు గట్టివి, కొత్తగా నేర్చినవారికి తగినవి కావు. కాలువ ఈత మంచిదే కానీ అది అక్కడ సరిపోదండీ.

మీ ఆగస్టుకు సరిపోయేది మాల్దీవుల్లోని బా అటాల్ (వలయంగా ఉన్న పగడపు దీవుల గుంపు). నైరుతి రుతుపవనాల కాలంలో ప్రవాహం ప్లవకాలను (నీటిలో తేలే సూక్ష్మ జీవులను) అటాల్ తూర్పు అంచుకు చేరుస్తుంది. ఆ అంచునే ఉన్న హనీఫారు అనే చిన్న అఖాతంలో అవి కుప్పపడతాయి, వాటిని మేయడానికి మాంటాలు గుంపులుగా వస్తాయి. నీళ్లు పోస్టుకార్డులో ఉన్నంత తేటగా ఉండవు మరి. నీటి రంగు చూసి గుంట సంగతి చెప్పే మీకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ఇప్పుడు వినండి. హనీఫారులో స్కూబా నిషేధం! సిలిండరు లేకుండా, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీటిపైన తేలుతూ చూడాల్సిందే. గైడు తప్పనిసరి, సమయం 45 నిమిషాలు, తాకకూడదు. అంటే మీ ఆవిడ పడవలో కూర్చోనక్కర్లేదు. ఇప్పటి నుంచే ఈతకొలనులో రోజూ సాధన చేయించండి. ఈత రాకుండా మాత్రం దింపకండి, అది బహిరంగ సముద్రం.

మీ కోర్సుకు వస్తే, ముందే పుదుచ్చేరిలో ముగించి వెళ్లండి. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయాలి. కోర్సు ముగించిన పత్రం ఉంటే 18 మీటర్ల దాకా దిగవచ్చు. నెల్లూరు నుంచి రైల్లో చెన్నై, అక్కడి నుంచి బస్సు. సెలవంతా బడిలో గడపడం కంటే ఇది నయం కదా!

మాల్దీవుల్లో మనవారికి వీసా ఉచితంగా దిగాకే ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ‘ఇముగా’ పత్రం నింపాలి. బస ధరవందూ దీవిలో చూసుకోండి. విమానాశ్రయం ఆ దీవిలోనే ఉంది, హనీఫారు పక్కనే.

నెల్లూరు ఈఎన్‌టీ:

రక్తపోటు ఉందని వైద్య పత్రంలో దాచకండి. మందుతో అదుపులో ఉంటే చాలామందికి అనుమతి దొరుకుతుంది, కానీ డాక్టరు పరీక్షించి సంతకం చేయాలి. పుదుచ్చేరికి బయలుదేరే ముందే ఆ పని చూసుకోండి.

పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, అందుకే మొదటి కొద్ది మీటర్లలోనే చెవి ఎక్కువ ఇబ్బంది పడుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతూ, నొప్పి రాకముందే సర్దుకుంటూ దిగాలి. జలుబుంటే దిగవద్దు. ముక్కు చుక్కలు వేసుకుని దిగితే, మందు ప్రభావం లోపల ఉండగా తగ్గిపోయి పైకి వచ్చేటప్పుడు గాలి ఇరుక్కుంటుంది. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ధరవందూ నుంచి మాలేకి వచ్చే చిన్న విమానానికీ ఇదే లెక్క.

కావలి అమ్మాయి:

డాక్టరు గారు చెప్పిన ఆ 18 గంటలే హనీఫారుకు పనికొస్తాయి. డైవ్‌లన్నీ ముందు ముగించి చివరి రోజు అక్కడ తేలండి, దానికి విమానంతో పేచీ లేదు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు మాంటాలు ఎక్కువగా వస్తాయి కాబట్టి టికెట్లు తిథి చూసి తీసుకోండి.

ముత్తుకూరు రైతు:

తిథి అనగానే మా ఆవిడ పంచాంగం తెచ్చింది. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందు శుక్రవారం. వ్రతం అయ్యాక బయలుదేరితే పౌర్ణమి దాటిన పోటైనా అందుతుందా? ఇంకో చిక్కు, శ్రావణంలో ఆవిడ నీచు ముట్టదు. అక్కడ పొద్దున ఫలహారం కూడా చేపేనని విన్నాను.

కావలి అమ్మాయి:

పౌర్ణమి మరునాడు, ఆ మరునాడు కూడా పోటు బాగానే ఉంటుంది, వ్రతం చేసుకునే రండి. మాస్ హుని అని ట్యూనా, కొబ్బరి, ఉల్లి, మిరప కలిపి రొట్టెతో పెడతారు. మీరు రెండు వాయిలు తినండి. ఆవిడకు పప్పు, అన్నం కావాలని గది తీసుకునేటప్పుడే రాసి పెట్టండి, కందిపొడి డబ్బా ఒకటి వెంట తీసుకెళ్లండి. మద్యం మాత్రం సంచిలో పెట్టుకోకండి, విమానాశ్రయంలోనే తీసుకుంటారు.