పాత ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రం కొనవచ్చా?

ప్రశ్న (అనంతపురం): మాది కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టే ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రంతో డ్రిప్ సేద్యపు పైపుల జాయినర్లు, ఎండ్ క్యాపులు (పైపు చివర మూతలు) తయారుచేసే చిన్న యూనిట్. అచ్చును 150 టన్నుల బలంతో మూసి పట్టే ఒక కొత్త యంత్రం ధరకు పాతవి రెండు వస్తాయని దళారి చెబుతున్నారు. పదేళ్లు నడిచిన యంత్రాన్ని నమ్మవచ్చా?

జవాబు (కర్నూలు): నేను వద్దనే అంటాను. పాత వాటిలో అచ్చు చల్లారుతున్నంత సేపూ యంత్రాన్ని నడిపే ఆయిల్ పంపు మోటారు ఊరికే తిరుగుతూనే ఉంటుంది. సర్వో యంత్రంలో (అవసరాన్ని బట్టి మోటారు వేగం మారే కొత్త రకం) అయితే ఆ సమయంలో మోటారు దాదాపు ఆగిపోతుంది. కొన్నప్పుడు మిగిలిన డబ్బు కరెంటు బిల్లుకే పోతుంది. పైగా, మా పాత యంత్రంలో కంట్రోలర్ కార్డు కాలిపోతే, ఆ మోడల్ తయారీలో లేనందువల్ల మూడు వారాలు పని ఆగిపోయింది.

జవాబు (కడప): కర్నూలు మిత్రులు చెప్పిన కరెంటు లెక్క మూడు షిఫ్టులు నడిపేవారికి సరిగ్గా వర్తిస్తుంది. సీజన్‌లో ఒక్క షిఫ్టు నడిపేవారికి మాత్రం, యంత్రం ఖాళీగా ఉన్న నెలల్లోనూ కట్టవలసిన కొత్త యంత్రపు వాయిదాలే ఎక్కువ భారం. కాబట్టి నేను కొనమనే అంటాను. కానీ వయసు చూసి కాదు, అరుగుదల చూసి.

అమ్మేవారు ఖాళీగా తెరిచి మూసి చూపిస్తే ఒప్పుకోకండి. మీ అచ్చు, మీ దానా (ప్లాస్టిక్ గింజలు) తీసుకెళ్లి, యంత్రం బాగా వేడెక్కేదాకా నడిపించి, వరుసగా ముప్పై షాట్లను (అచ్చు ఒక్కోసారి నిండినప్పుడు వచ్చే ముక్కలను) గ్రాముల తక్కెడలో తూచండి. బరువు ఊగిసలాడుతూ, హోల్డింగ్ ప్రెషర్ మీద (అచ్చు నిండాక ప్లాస్టిక్‌ను నొక్కి ఉంచే ఒత్తిడి) ఉన్న, ప్లాస్టిక్‌ను నెట్టే స్క్రూ ఆగకుండా చివరిదాకా జారిపోతే, ముందు చెక్ రింగును (స్క్రూ కొసన ఉండి ప్లాస్టిక్ వెనక్కి పోకుండా ఆపేది) అనుమానించాలి. అది మార్చుకోదగిన చిన్న భాగమే. బ్యారెల్ (స్క్రూ తిరిగే గొట్టం) లోపల అరిగి ఉంటే ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. అచ్చును మూసి పట్టే నాలుగు టై బార్లకూ (కడ్డీలకు) డయల్ గేజీలు (సన్నని కదలికను కొలిచేవి) పెట్టి, లాక్ అయినప్పుడు అవి సమానంగా సాగుతున్నాయో లేదో చూడండి. నేను ఈ పరీక్ష చేయకుండానే ఒకటి కొన్నాను. క్యాపులకు ఎప్పుడూ ఒకే వైపున ఫ్లాష్ (అచ్చు అంచుల్లోంచి బయటికి వచ్చిన పల్చటి ప్లాస్టిక్) వచ్చేది, నేనేమో ఏడాదిపాటు అచ్చునే తిట్టుకున్నాను.

ప్రశ్న (అనంతపురం): అచ్చు ఎక్కించడానికి అమ్మేవారు ఒప్పుకోవడం లేదండీ.

జవాబు (కడప): అయితే ఆ యంత్రాన్ని వదిలేయండి. వేరేది దొరికితే ఆయిల్ కూలర్ విప్పించి చూడండి. ఉప్పు బోరునీళ్లు వాడినచోట గొట్టాల లోపల సున్నం గట్టిపడి ఉంటుంది, దాంతో ఆయిల్ సరిగా చల్లారదు. మన ఎండాకాలంలో ఆయిల్ అతిగా వేడెక్కిందంటే సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడి కారడం మొదలుపెడతాయి.