కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రిపోర్టులు ఆగిపోతున్నాయి: ఎస్ఈలైనక్స్ తీసేయడమేనా దారి?

పర్లాకిమిడి_ల్యాబ్:

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మా మామయ్యకి డయాగ్నొస్టిక్ ల్యాబ్ ఉంది, కంప్యూటర్ల పని నేను చూస్తాను. పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి కూడా పేషెంట్లు వస్తారు కాబట్టి రిపోర్టు తెలుగులోనూ ఒడియాలోనూ పీడీఎఫ్‌గా తయారవుతుంది. సాఫ్ట్‌వేర్ బయటివాళ్లది.

ఈమధ్య కొత్త సర్వర్‌కి మారాం. రాకీ లైనక్స్ 9, అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ. పాత రిపోర్టుల ఫోల్డర్‌ని ముందు నా హోమ్‌లోకి దించుకుని, అక్కడి నుంచి ఎంవీ (ఫైళ్లని తరలించే కమాండ్) కొట్టి /ఎస్ఆర్‌వీ/రిపోర్ట్స్‌కి మార్చాను. పాతవి తెరిస్తే 403 (అనుమతి లేదు), కొత్తవి సేవ్ అవ్వవు. ఓనర్‌గా అపాచీనే పెట్టాను, 777 (అందరికీ అన్ని అనుమతులూ) కూడా ఇచ్చాను. ఎస్ఎంఎస్‌లు కూడా వెళ్లట్లేదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ల మనిషి రిమోట్‌లో వచ్చి, ఎస్ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో చూసే లైనక్స్ కాపలా) అడ్డు తీయడానికి 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' అన్నాడు, అన్నీ నడిచాయి. ఇక్కడ కరెంటు సంగతి మీకు తెలిసిందే. ఇన్వర్టర్ చేతులెత్తేస్తే సర్వర్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ మొదటికి. పొద్దున్నే పరగడుపు షుగర్ టెస్టుకి వచ్చినవాళ్లు బెంచీల మీద, నేనేమో ఫోన్‌లో. కాన్ఫిగ్‌లో శాశ్వతంగా డిసేబుల్డ్ అని రాసేయమంటున్నాడు. రాసేయొచ్చా? రక్తం ఎనలైజర్ నుంచి రిజల్ట్ అందుకునే చిన్న పైథాన్ లిజనర్ కూడా ఇదే సర్వర్‌లో ఉంది. దానికి మాత్రం ఒక్కసారి కూడా ఏ ఇబ్బందీ రాలేదు.

బరంపురం_బాబాయ్:

రాయకు బాబూ. 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' రీబూట్ దాకానే ఉంటుంది, అందుకే కరెంటుతో పాటు నీ సమస్యా వస్తోంది. కాన్ఫిగ్‌లో డిసేబుల్డ్ అని రాస్తే రాకీ 9లో పాలసీ (ఎస్ఈలైనక్స్ నియమాలు) లోడ్ అవ్వదు, ఆ తరువాత పుట్టే ఫైళ్లకి లేబుల్ (ఫైలు ఏ రకమో చెప్పే గుర్తు) ఉండదు. మళ్లీ ఆన్ చేయాలన్న రోజున డిస్కు మొత్తానికి లేబుళ్లు వేయించాలి. ఆ రిమోట్ మనిషి ఆ రోజు ఫోన్ ఎత్తుతాడా?

777 పని చేయకపోవడానికి కారణం ఉంది. అది ఓనరు ఇచ్చే అనుమతి. కెర్నెల్ ముందు దాన్నే చూస్తుంది, తరువాత ఎస్ఈలైనక్స్ విడిగా ఇంకోటి అడుగుతుంది: ఈ రకం ప్రాసెస్‌కి ఈ లేబుల్ ఉన్న ఫైలుతో ఏం పని? ఓనరు సరేనన్నా, ప్రాసెస్ రూట్‌గా నడుస్తున్నా ఆ ప్రశ్న తప్పదు. పీహెచ్‌పీలో కన్నం దొరికి ఎవడైనా దూరినా అపాచీ నడిచే హెచ్‌టీటీపీడీ_టీ అనే డొమైన్ (ప్రాసెస్ చుట్టూ గీసిన గిరి) దాటి పోలేడు.

ఎస్ఈలైనక్స్ ఈరోజు ఏం ఆపిందో లాగ్‌లో చూడ్డానికి 'ఆయూసెర్చ్ -ఎం ఏవీసీ -టీఎస్ టుడే' కొట్టు. డినైడ్ అన్న లైన్లో ఎస్‌కాంటెక్స్ట్ (అడిగిన ప్రాసెస్) దగ్గర హెచ్‌టీటీపీడీ_టీ, టీకాంటెక్స్ట్ (అది అడిగిన ఫైలు) దగ్గర యూజర్_హోమ్_టీ కనిపించాలి. ఎంవీ పాత లేబుల్‌ని వెంటబెట్టుకుని వస్తుంది. కొత్తగా సీపీ (కాపీ) చేసి ఉంటే చేరిన చోటి లేబుల్ పడేది. అంటే ఆ ఫోల్డర్ /ఎస్ఆర్‌వీలో ఉన్నా ఎస్ఈలైనక్స్ లెక్కలో ఇంకా నీ హోమే.

పాలసీ జోలికి పోకుండా లేబుల్ మార్చు (మొదటి కమాండ్ ఏ లేబుల్ ఉండాలో రాసిపెడుతుంది, రెండోది దాన్ని ఫైళ్లకి వేస్తుంది):

సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఏ -టీ హెచ్‌టీటీపీడీ_సిస్_ఆర్‌డబ్ల్యూ_కంటెంట్_టీ "/ఎస్ఆర్‌వీ/రిపోర్ట్స్(/.*)?"
రెస్టోర్‌కాన్ -ఆర్‌వీ /ఎస్ఆర్‌వీ/రిపోర్ట్స్

సీహెచ్‌కాన్ (లేబుల్‌ని అప్పటికప్పుడు మార్చే కమాండ్) వాడమని ఎవరైనా చెబితే వద్దను. తరువాత ఎప్పుడు రెస్టోర్‌కాన్ నడిచినా అది చెరిగిపోతుంది. ఎస్ఎంఎస్‌లకి 'సెట్‌ఎస్ఈబూల్ -పీ హెచ్‌టీటీపీడీ_కెన్_నెట్‌వర్క్_కనెక్ట్ 1'. వెబ్ సర్వర్‌ని బయటికి కనెక్ట్ కానిస్తుంది, కాస్త పెద్ద గేటే. వేరే మెషీన్లోని డేటాబేస్ కోసమే అయితే చివర _డీబీ ఉన్న చిన్నది సరిపోయేది. 777 తీసెయ్, పేషెంట్ల రిపోర్టులవి.

రాయగడ_ఉబుంటు:

ఇంత తలనొప్పి ఎందుకు అన్నా, ఆడిట్2అలౌ అనే సాధనానికి లాగ్ ఇస్తే అదే అనుమతుల మాడ్యూల్ చేసి పెడుతుంది కదా? లేదా ఉబుంటుకి వచ్చేయండి. అక్కడ ఎస్ఈలైనక్స్ బదులు ఉండే ఆప్‌ఆర్మర్‌కి లేబుళ్ల గొడవ లేదు, ఫైలు దారి చూస్తుంది అంతే. ఏఏ-కంప్లైన్‌లో (ఏదీ ఆపకుండా లాగ్ మాత్రం రాసే మోడ్) పెట్టి, కొన్నాళ్లు నడిపి, ఏఏ-లాగ్‌ప్రాఫ్ అడిగినవాటికి జవాబిస్తే ప్రొఫైల్ (నియమాల ఫైలు) రెడీ.

బరంపురం_బాబాయ్:

ఆడిట్2అలౌకి ఈ లాగ్ ఇస్తే ఏం రాసిస్తుందో తెలుసా తమ్ముడూ? 'హెచ్‌టీటీపీడీ_టీకి యూజర్_హోమ్_టీ అలౌ'. ఒక్క రిపోర్టుల ఫోల్డర్ కోసం రిసెప్షన్ అమ్మాయి హోమ్‌తో సహా అందరి ఫైళ్లూ వెబ్ సర్వర్‌కి అప్పజెప్పినట్టే. ఆ సాధనం చెడ్డది కాదు, చదవకుండా సంతకం పెట్టడమే చెడ్డది.

ఆప్‌ఆర్మర్ నాకూ ఇష్టమే, ప్రొఫైల్ చదివితే అర్థమవుతుంది. కానీ ఉబుంటులో అపాచీకి కట్టడి దానంతటది రాదు, ప్రొఫైల్ మనమే పెట్టుకోవాలి. అక్కడ మైఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డర్ మార్చి చూడు, నువ్వూ ఇలాగే ఇక్కడ ప్రశ్న పెడతావు. కొత్త దారిని లోకల్ ప్రొఫైల్‌లో రాసి రీలోడ్ చేసేదాకా అది లేవదు.

పర్లాకిమిడి_ల్యాబ్:

బాబాయ్ గారూ, లాగ్‌లో అచ్చం మీరు చెప్పిందే ఉంది. రెస్టోర్‌కాన్ కొట్టగానే పాతవన్నీ తెరుచుకున్నాయి. ఎన్‌ఫోర్సింగ్‌లోనే (ఎస్ఈలైనక్స్ కాపలా ఆన్‌లో ఉంచి) రీబూట్ చేశాను, సేవ్ అవుతోంది, ఎస్ఎంఎస్ కూడా వెళ్లింది. లిజనర్‌కి మాత్రం, ప్రాసెస్‌ల డొమైన్లు చూపే 'పీఎస్ -ఈజెడ్'లో అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టీ అని వస్తోంది. అది మంచిదేనా?

బరంపురం_బాబాయ్:

దానికి ఇబ్బంది రాలేదని నువ్వు రాసినప్పుడే అనుమానం వచ్చింది. దాన్ని ఎస్ఈలైనక్స్ ఆపట్లేదు. మనం సొంతంగా పెట్టే సర్వీసులకి పాలసీ లేకపోతే అవి ఆ డొమైన్‌లోకే పోతాయి. నెట్‌వర్క్‌లో పోర్టు తెరిచి కూర్చున్న ప్రోగ్రామ్, బహుశా రూట్‌గా నడుస్తూ ఉంటుంది. అపాచీ కన్నా నాకు దీని టెన్షనే ఎక్కువ.

పాలసీకోర్‌యుటిల్స్-డెవెల్ ఇన్‌స్టాల్ చేసుకుని 'సెపాలసీ జెనరేట్ --ఇనిట్', దాని పక్కన స్క్రిప్ట్ దారి ఇవ్వు. టీఈ (నియమాలు), ఎఫ్‌సీ (ఫైళ్ల లేబుళ్లు) వగైరా ఫైళ్లూ, అన్నిటినీ కట్టి ఎక్కించే ఎస్‌హెచ్ స్క్రిప్టూ వస్తాయి. సర్వీస్ ఫైలులో ఎగ్జెక్‌స్టార్ట్ (ఏం నడపాలో చెప్పే లైను) 'పైథాన్3' అని మొదలవుతుంటే మార్చు. అలా ఉంటే కెర్నెల్ చూసేది పైథాన్ లేబుల్‌ని, నీ స్క్రిప్ట్‌ది కాదు. స్క్రిప్ట్ పైన షెబాంగ్ లైను (దీన్ని ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో చెప్పే మొదటి లైను) పెట్టి దాన్నే నేరుగా నడిపించు.

టీఈ ఫైలులో మొదట పర్మిసివ్ అన్న లైను ఉంటుంది. అంటే ఆ ఒక్క డొమైన్‌లో ఏదీ ఆగదు, లాగ్‌లోకి మాత్రం ఎక్కుతుంది. మిగతా సర్వర్ ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది కాబట్టి ల్యాబ్ పనికి అడ్డం రాదు. నెలాఖరు బ్యాకప్, లాగ్ రొటేషన్, ఎనలైజర్ ఆపి వేయడం, ఇవన్నీ ఒకసారి జరగనివ్వు. అప్పుడు లైను లైను చదివి అలౌలు రాసుకుని, ఆ పర్మిసివ్ లైను తీసి మళ్లీ ఎక్కించు.

ఎక్కడైనా అర్థం కాకపోతే ఏవీసీ లైన్లు ఇక్కడే పెట్టు. ఫైలు పేర్లలో పేషెంట్ల పేర్లుంటే చెరిపేసి పెట్టు బాబూ.