మజరా అంటే ఊరా, పొలమా?

తాతగారి పెట్టెలో పాత టోపో షీటు (నేల తీరును, ఊళ్ళను చూపే పటం) ఒకటి దొరికింది. మైలుకు అంగుళం కొలత, సర్వే ఆఫ్ ఇండియా ముద్రణ. భూతద్దం పెట్టి మా ఊరిని వెతికాను. చెరువు నీలంగా ఉంది, దాని కట్ట ఉంది, కింద సాగు భూమికి పసుపు రంగు ఉంది. మా 40 గడపలు ఉండాల్సిన చోట మాత్రం బావి గుర్తు ఒక్కటే! ఇంటిని సూచించే ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. రెవెన్యూ లెక్కల్లో మాది మజరా, అంటే పెద్ద ఊరి కింద చేరిన చిన్న పల్లె. ఇప్పటికీ చిరునామాలో 'హెచ్/ఓ' (హామ్లెట్ ఆఫ్) అని పెట్టి పెద్ద ఊరి పేరు రాయాల్సిందే. అసలు మజరా ఏ భాష మాటండీ?

— అరబ్బీ. మూలరూపం 'మజ్రఆ', అంటే విత్తనం వేసే చోటు. మనం ఇనాం కాని భూమిని జిరాయితీ అంటామే, అదీ ఆ ధాతువు నుంచి వచ్చిందే. కాబట్టి మీ పటం అబద్ధం చెప్పలేదు, మాట అసలు అర్థాన్నే చూపించింది. ముందు చేను, తరువాత కాపలా గుడిసె, ఆ పైన పశువుల కొట్టం, చివరికి సంసారాలు. రాయలసీమలో కొట్టాల, దొడ్డి అని ముగిసే ఊరి పేర్లన్నీ ఈ దారిన వచ్చినవేనని నా ఊహ.

— దీనికి జంటగా 'శివారు'ను కూడా చూడండి. మరాఠీలో శివార్ అంటే ఊరి పొలాలు. మన పత్రికల్లో 'గ్రామ శివారులో ప్రమాదం' అంటే ఊరి పొలిమేర. 'శివారు భూములకు నీరందలేదు' అంటే కాలువ చివరి భూములు. 'శివారు గ్రామం' అంటే మళ్ళీ మీ మజరాయే. ఒక్క మాటకు ఇన్ని చాకిరీలు!

— చిన్న సవరణ. ఎర్ర చుక్క లేనంత మాత్రాన మనుషులు లేరనుకోకండి. ఆ కొలతలో మైలు దూరమంతా రెండున్నర సెంటీమీటర్లే, నాలుగు గుడిసెలు ఎక్కడ పడతాయి? గ్రామ నక్షా (ఊరి సర్వే పటం) తీయించండి. పాత మద్రాసు జిల్లాల్లో అది మైలుకు 16 అంగుళాలు. అయితే అందులోనూ మజరాకు విడి హద్దు గీయరు. సర్వే నంబర్లన్నీ పెద్ద ఊరివే.

— ధన్యవాదాలండీ. జిరాయితీ చుట్టరికం చదివాక ఒకటి గుర్తొచ్చింది. పెద్ద ఊరి ముసలివాళ్ళు మమ్మల్ని ఇప్పటికీ 'చేలోవాళ్ళు' అనే పిలుస్తారు. చిన్నప్పుడు దానికి నేను తెగ ఉడుక్కునేవాణ్ణి.