జింబాబ్వే క్వారీకి ఏ బండి: పాత ల్యాండ్ క్రూజరా, కొత్త హైలక్సా?

చీమకుర్తి రాయి
అన్నలకి నమస్కారం. మాది చీమకుర్తి, గెలాక్సీ గ్రానైట్ క్వారీలో పన్నెండేళ్లు సూపర్‌వైజర్‌గా చేశా. ఇప్పుడు జింబాబ్వేలో ముటోకో నల్లరాయి క్వారీకి పిలిచారు. హరారే నుంచి 140 కిలోమీటర్లకి పైనే, తారురోడ్డు దిగితే మట్టిబాట. నవంబరు నుంచి మార్చి దాకా వానలు. బండి నన్నే చూసుకోమన్నారు, డబ్బు వాళ్లది. పాత ల్యాండ్ క్రూజర్ 79 పికప్ ఒకటి, రెండేళ్ల హైలక్స్ పికప్ ఒకటి ఉన్నాయి, రెండూ టయోటావే. ధర ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోను?

గూడూరు డ్రైవర్
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, 79 తీసుకో. టాంజానియాలో ఎనిమిదేళ్లు తోలుండా దాన్ని. 4.2 లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, టర్బో లేదు, కంప్యూటర్ లేదు. మా క్యాంపుకి డీజిలు డ్రమ్ముల్లో వచ్చేది. ఒకరోజు కొత్త పికప్ ఒకటి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఫిల్టరు కింద స్క్రూ వదులు చేసి నీళ్ల సీసాలో పట్టా. అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, పైన డీజిలు తేలతా ఉండాది! ఇంజన్లోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు పోయి మూడు వారాలు చెట్టుకింద పడుంది. అదే డ్రమ్ము డీజిలు తాగిన మా ముసల్దానికి ఫిల్టరు మార్చి డీజిలు పైపులో గాలి తీస్తే స్టార్టయింది.

ఒంగోలు మెకానిక్
అన్న చెప్పింది నిజమే గానీ సగమే. నీళ్లు పాత బండి డీజిలు పంపుని కూడా తింటాయి, కాకపోతే నిదానంగా తింటాయి. 2020లో బీఎస్-6 వచ్చినకాడ నుంచి నా షెడ్డుకొచ్చే కొత్త డీజిల్ బళ్లన్నీ కామన్‌రైలే, అంటే కంప్యూటరు చెప్పినట్టు ఎక్కువ ఒత్తిడితో డీజిలు కొట్టేవే, మంచి డీజిలు పోస్తే ఏమీ కావు. హైలక్స్ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లోనే తయారవుతుంది, పక్క దేశమే. సామాను రోడ్డు మీద వచ్చేస్తుంది. 79 సంగతి అట్లా కాదు. అది మంచిదే, కానీ నీకు దొరికింది ఎవరి చేతిలో నలిగిందో ఎవరికి తెలుసు? చాసిస్, కమాన్లు (పట్టీ స్ప్రింగులు), గేర్‌బాక్సు చూడకుండా పేరు చూసి కొంటే మునుగుతావు.

కావలి రొయ్య
మారుతి జిమ్నీ తీసుకోరాదా అబ్బయ్యా? ఐదు డోర్లది మన గుర్గావ్‌లో తయారై అట్లాంటి దేశాలకీ పోతుండాది. పెట్రోలు గనక డీజిలు గోలే లేదు.

గూడూరు డ్రైవర్
జిమ్నీకి 40 లీటర్ల ట్యాంకు, 79కి 130. పైగా నలుగురు మనుషులు, రెండు జాకీలు, కంప్రెసర్ పైపులు యాడ పెడతావయ్యా, వొళ్లోనా?

పొదిలి క్లీనర్
ఏ బండైనా తోలేవాడిని బట్టే. ఫోర్‌వీలు ఉంది కదా అని పోయినేడు కొత్తపట్నం ఇసకలో దించా, పొట్ట ఆనింది. పడవలు లాగే ట్రాక్టరాయన వచ్చి, లాగే ముందు టైర్లలో గాలి 18కి దించమన్నాడు. దించితే తాడు అవసరం లేకుండానే బయటికొచ్చింది. ఆయన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

చీమకుర్తి రాయి
అక్కడి స్టోరు కీపరుకి ఫోన్ చేశా. పక్క క్వారీల్లో మూడు హైలక్సులు తిరుగుతున్నాయంట. 79 ఇదొక్కటే. దానికి 7.50-16 టైర్లు, క్వారీ చిన్న లారీకీ అదే సైజంట, అది నచ్చింది. డీజిలు మాత్రం అక్కడా డ్రమ్ముల్లోనే వస్తుందంట. చాసిస్ కింద ఫోటోలు తీయించి తెప్పించా. వెనక కమాను కట్టే చోట కొత్తగా నల్లరంగు పూసి ఉంది, దాని కింద గీతలాగా ఉబ్బు. అది ఏంది అన్నా?

ఒంగోలు మెకానిక్
చాసిస్ విరిగితే వెల్డింగ్ పెట్టి రంగు కొట్టారు. అది వొదిలేయ్. హైలక్స్ తీసుకుని, డ్రమ్ముకీ బండికీ మధ్య నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఒకటి బిగించుకో, ప్రతి ఆదివారం దాని కింద స్క్రూ విప్పి చూస్తా ఉండు.

గూడూరు డ్రైవర్
ఆ బండి వద్దంటే సరే. 79 వద్దనబాకండి. ఇంకో 79 యాడన్నా దొరుకుద్దేమో కనుక్కో తమ్ముడూ, నెల ఆగితే ఏం పోయింది?

చీమకుర్తి రాయి
నెల ఆగేదానికి లేదన్నా. టికెట్టు ఇరవయ్యో తారీకు.