"క్యాన్సర్‌కు దారితీసే జబ్బు" అనొచ్చా?

అందరికీ నమస్కారం. పేషెంట్లకు పంచే ఒక కరపత్రంలో తెలుగు ఎలా ఉందో చూసిపెట్టమని నాకిచ్చారు. మొదటి వాక్యమే ఇది: "ఎరిత్రోమెలాల్జియా క్యాన్సర్‌కు దారితీసే అరుదైన చర్మ రక్తనాళాల జబ్బు." ఆ "దారితీసే" నాకు మింగుడుపడటం లేదు. చదివినవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఇవాళ కాళ్ళు మండుతున్నాయి, రేపు క్యాన్సర్ వస్తుంది అనే కదా. పేరు సంగతి కూడా చెప్పండి. ఆ నోరు తిరగని పేరు బదులు "అరికాళ్ళ మంటలు" అంటే సరిపోతుందా?

జవాబు 1

పేరు వరకు నేను చెప్తానండి. 1878లో అమెరికా డాక్టరు సైలస్ వీర్ మిచెల్ పెట్టిన పేరది. గ్రీకులో ఎరిత్రోస్ అంటే ఎరుపు, మెలోస్ అంటే కాలో చెయ్యో, ఆల్గోస్ అంటే నొప్పి. మన దగ్గర "పాదదాహం" అనే పాత మాట ఉంది. సుశ్రుత సంహిత దాన్ని వాతరోగాల్లో చేర్చి, నడిచేవాళ్ళకు ఎక్కువవుతుందని కూడా చెప్పింది. అది సరిగ్గా ఇదే జబ్బు అనలేం, మాట మాత్రం చక్కనిది. కానీ ఇప్పుడు వాడలేం. సంస్కృతంలో దాహం మంట, తెలుగులో దప్పిక.

"అరికాళ్ళ మంటలు" మరీ వదులుగా ఉంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా ఆ మాటే అంటాం, బి విటమిన్లు తక్కువైనా ఆ మాటే. ఈ జబ్బులో మంటతో పాటు పాదం ఎర్రగా కందిపోతుంది, ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. కాసేపు నిలబడినా, నడిచినా, దుప్పటి కప్పుకున్నా మొదలవుతుంది. చేతులకూ రావచ్చు. "ఎర్రమంట" అంటే ఎలా ఉంటుంది?

జవాబు 2

"ఎర్రమంట" బాగుంది. పక్కన అసలు పేరు కూడా ఉంచండి, డాక్టరుతో మాట్లాడేటప్పుడు అదే పనికొస్తుంది. నా గొడవంతా ఆ క్రియతోనే. రక్తానికి సంబంధించిన జబ్బుల వార్డులో పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

"నిర్లక్ష్యం ప్రమాదానికి దారితీసింది" అంటాం. దారితీసేది కారణం, తర్వాత వచ్చేది ఫలితం. ఇక్కడ వరస తిరగబడింది. కొందరిలో ముందు చెడేది ఎముక మూలుగ. పాలిసైథీమియా వేరాలో ముఖ్యంగా ఎర్రకణాలు, ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియాలో ప్లేట్‌లెట్లు అదుపు లేకుండా తయారవుతాయి. రెండూ నెమ్మదిగా నడిచే రక్త క్యాన్సర్లే. ఆ ప్లేట్‌లెట్లు కాలివేళ్ళలోని సన్నటి నాళాల్లో గుంపుకట్టి, అక్కడ వాపు, ఎరుపు, మంట పుట్టిస్తాయి. పట్టించుకోకపోతే వేలి కొసకు రక్తం అందక నల్లబడే ప్రమాదం కూడా ఉంది. అంటే క్యాన్సర్ వల్ల వచ్చిన మంట ఇది. మంట వల్ల క్యాన్సర్ రావడం కాదు.

తికమక ఎందుకొస్తుందంటే, మనిషికి ముందు తెలిసేది మంట. రక్తంలో తేడా బయటపడటానికి ఏళ్ళ ముందే పాదాలు మండటం మొదలైనవాళ్ళున్నారు. ముందు కనబడింది కాబట్టి అదే కారణమనుకుంటారు.

ఆస్పిరిన్ సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ప్లేట్‌లెట్ల వల్ల వచ్చిన మంటయితే చిన్న మోతాదు ఆస్పిరిన్‌కే దిగిపోతుంది, ఆ హాయి రోజుల తరబడి ఉంటుంది. మందు తగిలిన ప్లేట్‌లెట్ తన ఆయుష్షు, అంటే 7 నుంచి 10 రోజులు, తీరేదాకా మునుపటిలా గుంపుకట్టలేదు మరి. అలాగని కరపత్రం చూసి ఎవరూ సొంతంగా వేసుకోకూడదు. ప్లేట్‌లెట్లు మరీ ఎక్కువైపోయినవాళ్ళలో కొందరికి రక్తస్రావం అయ్యే భయం ఉంది.

ఇంకో సంగతి. అందరికీ లోపం మూలుగలోనే ఉండదు. కొన్ని కుటుంబాల్లో ఇది జన్యువుతో వస్తుంది. ఎస్‌సీఎన్9ఎ అనే జన్యువులో మార్పు దీనికి కారణమని 2004లో తేలింది. నొప్పి కబురు మోసే నరాల్లో సోడియం లోపలికి వెళ్ళే దారి ఇట్టే తెరుచుకుంటుంది, నొప్పి పుడుతుంది. చిన్నపిల్లలకే మొదలవుతుంది చాలాసార్లు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్ వల్ల వచ్చిందీ కాదు. "దారితీసే" అని అచ్చువేస్తే ఆ పిల్లల తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. వాళ్ళకు ఉన్న కష్టం చాలు.

జవాబు 3

"ముందస్తు హెచ్చరిక" అంటే?

జవాబు 2 రాసినవారు

వద్దండి. హెచ్చరిక అనగానే రాబోయేదాని గురించి అనిపిస్తుంది. ఇక్కడ జబ్బు అప్పటికే ఉంటుంది, మనకు కనబడలేదంతే. "గుర్తు" అనండి, "కావచ్చు" చేర్చండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: "ఎరిత్రోమెలాల్జియా, అంటే ఎర్రమంట, అరుదైన జబ్బు. పాదాలు, చేతులు ఉండుండి ఎర్రబడి, వేడెక్కి, మండుతాయి. కొందరిలో ఇది రక్త క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. అందుకే రక్తకణాల లెక్క చూస్తారు." కింద ఇంకో వాక్యం ఉంది: "ఉపశమనానికి పాదాలను చల్లటి నీటిలో ఉంచండి." ఇది ఉంచనా?

జవాబు 2 రాసినవారు

ఉంచకండి. చల్లదనానికి మంట తగ్గే మాట నిజమే, అందుకే కొందరు గంటల తరబడి ఐసు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. చర్మం నాని, చితికి, మానని పుండ్లు పడతాయి. "కాళ్ళు ఎత్తులో పెట్టుకోండి, గాలి తగలనివ్వండి, ఐసు నీళ్ళలో నానబెట్టవద్దు" అని రాయండి. రక్తపరీక్ష వాక్యం దగ్గర ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 4,50,000 దాటితే డాక్టరుకు చూపించాలని, అవసరమైతే జాక్2 జన్యు పరీక్ష (ఈ రక్త క్యాన్సర్లలో తరచు మారి కనిపించే జన్యువు అది) చేస్తారని చేర్చండి. మంట మొదటిసారి వచ్చినప్పుడు లెక్క మామూలుగానే ఉన్నా, కొన్నాళ్ళకు మళ్ళీ చూపించుకోమని కూడా రాయండి. చాలామంది ఆ రెండోసారి వెళ్ళరు.